కుళాయి నీళ్లు

గుండెల్లో మంట తగ్గించే మందును కుళాయి నీళ్లలోనే కలిపి ఊరంతటికీ వదులుతున్న రోజులవి. పుట్టినప్పటి నుంచి ఆ నీళ్లే తాగిన హైమకు చపాతీ పిండి పిసుకుతుండగా మణికట్టు విరిగింది.

"ఎముకలు గుల్లబారాయమ్మా. ఆ నీళ్లు మానిపించండి," అన్నాడు డాక్టరు.

తల్లి కనకరత్నం వాననీళ్లు పట్టి తాగించింది. వారం తిరక్కుండానే, ఇన్నేళ్లూ అణిగి ఉన్న ఆమ్లమంతా ఒక్కసారిగా గొంతులోకి ఎగదన్నింది. హైమ నేలమీద పడి మెలికలు తిరిగిపోయింది.

"అమ్మా, కుళాయి నీళ్లియ్యవే!"

"ఎముకలు మిగలవే తల్లీ. కాస్త ఓర్చుకో."

"మిగలకపోతే పోనీ. ఈ మంట నావల్ల కాదు."

కనకరత్నం ఏడుస్తూ కుళాయి తిప్పింది. బరువుకు రెండో చెయ్యీ విరుగుతుందేమోనని గ్లాసు తానే పట్టుకుంది. హైమ గటగటా తాగి, హాయిగా ఊపిరి పీల్చి, "ఇంకో గ్లాసు," అంది.