గోరువెచ్చని సీసా

డాక్టరు చదువుల కాలేజీలో అటెండరు కట్టయ్య సీసాలు తుడుస్తుండగా కరెంటు పోయింది. కందిలి వెలిగించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. అన్ని సీసాలూ చల్లగా ఉన్నాయి. చివరిది మాత్రం చేతికి గోరువెచ్చగా తగిలింది.

అందులో ఉన్నది కడుపులోనే చచ్చిన పసిగుడ్డు. ఎముకలకు ఎర్రరంగు పట్టించి, నొప్పుల మందు వాసనొచ్చే నూనెలో ముంచారు. నూనెలోనూ కండలోనూ వెలుతురు ఒకే తీరున వంగితే కండ కంటికి ఆనదట. ఎముకలే మిగులుతాయి. నెలరోజులు ఆ నూనె మార్చింది కట్టయ్యే.

"మస్తుగ వచ్చింది కట్టయ్యా. నీ చెయ్యి మంచిది," అన్నాడు పొద్దున సారు. కట్టయ్య మురిసిపోయాడు.

ఇప్పుడు కందిలి దగ్గరపెట్టి చూస్తే, ఎడమ పాదానికి ఆరు వేళ్లున్నాయి.

కట్టయ్య తన ఎడమ చెప్పు వంక చూసుకున్నాడు. ఆరో వేలి కోసం అంచు కోయించుకున్న చెప్పు. అతని తండ్రి పాదమూ అంతే.

వానకాలంలో భార్య యాకమ్మ కాన్పునాడు ఈ కాలేజీ దవాఖాన నర్సే కాగితం చాపింది. "సచ్చి పుట్టిండు. మేమే బొందవెడతం. గీడ ఏలిముద్ర ఎయ్యి." ఏం రాసుందో అడగకుండానే వేశాడు. కాశిబుగ్గ ఇంట్లో యాకమ్మ ఇప్పటికీ అడుగుతుంది, "ఏడ బొందవెట్టిండ్రో జర సూపియ్యరాదు?" అని.

"నా చేతులతోనే చేసిన గద బిడ్డా," అంటూ అతను గాజు మీద అరచెయ్యి ఆనించాడు.

యాకమ్మ కడుపు మీద చెయ్యి వేసినప్పుడు తన్నినట్టే, లోపలి నుంచి ఒక పాదం మెల్లగా తన్నింది.