పద్దెనిమిదో టేకు

“నమ్మబుద్ధి కావట్లేదమ్మా,” అన్నాడు దర్శకుడు, పదిహేడోసారి టేకు ఆపుతూ.

గాజు గదిలో మైకుల ముందున్న ఆడవాళ్ళిద్దరూ హెడ్‌ఫోన్లు మెడ మీదకి లాక్కున్నారు. పొద్దుటి నుంచీ ఇదే సీను. తెర మీద యానిమే, జపాను బొమ్మల సీరియల్. రైలెక్కి వెళ్ళిపోతున్న అమ్మాయి, ఆయాసపడుతూ వచ్చిన అబ్బాయి. అమ్మాయికి డబ్బింగ్ చెబుతున్నది ముప్పై దాటిన చిన్నావిడ. అబ్బాయికి చెబుతున్నది అరవైకి దగ్గరపడ్డ పెద్దావిడ. పదహారేళ్ళ మగపిల్లల గొంతు ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య.

“సీనే అలా ఏడ్చింది సార్,” అంది చిన్నావిడ నీరసంగా. “మూడు నెలలు మొహం చాటేసినవాడు వచ్చి ‘నువ్వంటే ప్రాణం’ అనగానే ఈ పిల్ల కరిగిపోతుందా? బొమ్మలు కాబట్టి చెల్లింది. మనుషులైతే చెప్పు తీసేవాళ్ళు.”

“ఆ పిల్ల మాత్రం తక్కువ తిందా?” అంది పెద్దావిడ, తెర వైపే చూస్తూ. “మాటా పలుకూ లేకుండా పెట్టె సర్దుకుంది. అది కూడా చెప్పు బాబూ, ఆ అమ్మాయికి.”

ఇద్దరూ మాట్లాడేది దర్శకుడితోనే. పక్కనున్న మంచినీళ్ళ సీసా కావాలన్నా అతనికే చెబుతున్నారు.

అతను కణతలు నొక్కుకున్నాడు. “మీ గొడవలేవో నాకు తెలీదు. సాయంత్రంలోగా ఇది కుదరకపోతే వేరే జంటని పెడతామన్నారు ఛానల్ వాళ్ళు. ఇరవై నాలుగు ఎపిసోడ్లూ పోతాయి. నాకు ప్రేమ వినపడాలి, అంతే.”

“కానివ్వండి,” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఎర్రలైటు వెలిగింది. రైలు కూత. అమ్మాయి మెట్టు మీద కాలు పెట్టింది.

“ఇంకేం మిగిలిందని వచ్చావు?” చిన్నావిడ గొంతులో పొద్దుటి నుంచీ ఉన్న అలసటంతా పలికింది.

తెర మీద అబ్బాయి పెదవులు కదిలాయి. పెద్దావిడ చేతిలోని కాగితం దించేసింది.

“తప్పు నాదే. వచ్చెయ్.”

కాగితంలో లేని మాట అది. చిన్నావిడ పక్కకి తిరిగి చూసింది. తెర మీద అమ్మాయి ఏడుస్తోంది. ఈమె కూడా ఏడ్చింది, ముక్కు చీదుతూ, ఏమాత్రం అందం లేకుండా.

దర్శకుడు ఎర్రలైటు ఆర్పేశాడు.

“ఓకే. మాట మారినా పెదవులకి అతికినట్టు సరిపోయింది. ఇప్పుడు నమ్మానమ్మా.”

బయట వరండాలో ఇద్దరూ చెప్పులు వేసుకున్నారు.

“రేపు కూడా పదింటికేనా?” పెద్దావిడ ఆమెని నేరుగా అడగడం ఆ రోజుకి అదే మొదలు.

“పదింటికే.” చిన్నావిడ కళ్ళు తుడుచుకుని ఫోను తీసింది. “సామాను సర్దమని మీ అబ్బాయికి చెప్తాను. రాత్రికల్లా ఇంటికొచ్చేస్తాం అత్తయ్యా.”