చేప గుర్తు బాడిస

"ఇనుము మీద ఆ చేప గుర్తు చూడు. ఇది మా తమ్ముడిది కాదని ఇప్పుడనమ్మా," అన్నాడు గాడ్విన్, బాడిసను వెర్నీటా ముందు బల్ల మీద పెడుతూ.

వెర్నీటా తలెత్తలేదు. పచ్చి కందికాయలు ఒలుస్తూనే ఉంది.

కారియకూ దీవి ఒడ్డున పడవలు కట్టే లెన్రాయ్ ఆమె భర్త. ఆరేళ్ళ కిందట ట్రినిడాడ్ వెళ్ళిన పడవతో పాటు అజా అయిపు లేకుండా పోయాడు. సమాధి రాయి ఎప్పుడో చెక్కించారు. అది పెరట్లో బోర్లా పడి ఉంది. శవాన్ని చూడందే నిలబెట్టనివ్వనని వెర్నీటా భీష్మించుకుంది. రాయి నిలబెట్టి విందు పెడితే తప్ప పోయినవాడికి శాంతి ఉండదని అక్కడివాళ్ళ నమ్మకం. ఆకలేస్తోందంటూ లెన్రాయ్ రోజూ కలలోకొచ్చి తన ప్రాణం తీస్తున్నాడని గాడ్విన్ గోల.

ఈ బాడిసను ట్రినిడాడ్‌లో పాత ఇనుము అంగట్లో చూసి, గుర్తుపట్టి కొనుక్కొచ్చింది ఫిట్జ్ అనే పడవవాడు. వడ్రంగులంతా చుట్టూ మూగారు. పిడి ఎన్నిసార్లయినా మారుతుంది కాబట్టి వాళ్ళు దాని వంక చూడరు, ఇనుమే చూస్తారు. చేప గుర్తు లెన్రాయ్‌దేనని అందరూ ఒక్క మాటగా తేల్చేశారు. కారియకూ వడ్రంగి బతికుండగా బాడిస అమ్ముకోడు, అందుకని మనిషి పోయినట్టేనని కూడా తేల్చేశారు.

వెర్నీటా చేతులు తుడుచుకుని బాడిస అందుకుంది. రంపం కింద రెండు వేళ్ళు పోగొట్టుకున్నాక లెన్రాయ్ తన పిడి తనే చెక్కుకునేవాడు. దానికి నూనె రాసే పని వెర్నీటాది. ఆమె పిడి చుట్టూ వేళ్ళు బిగించి చూసింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. అసలేమీ అనిపించలేదు.

"ఆయనదే. రాయి ఇవాళే నిలబెట్టేయండి," అంది.

గాడ్విన్ గుండెల మీంచి బరువు దిగింది. మేకను కోశారు, కందులు ఉడికాయి, డప్పులు మోగాయి. నేల మీద రమ్ము పోసి, లెన్రాయ్ పేరు పిలిచి రాయి నిలబెట్టారు. వెర్నీటా తన చేత్తోనే దాని మొదట్లో మట్టి దట్టించింది.

జనం పలచబడ్డాక గాడ్విన్ కళ్ళు తుడుచుకుంటూ ఆమె పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్ళు మేమంతా చెప్పినా విననిదానివి, గుర్తు చూడగానే నమ్మేశావా అనడిగాడు.

"గుర్తు నేను చూడలేదు బావగారూ. పిడి పట్టుకుని చూశాను. మూడు వేళ్ళకే సరిపోయేట్టు చెక్కుకున్నాడు. చెక్క ఇంకా తెల్లగానే ఉంది, ఈ ఏడాది చెక్కిన పిడి అది."