అతుకు మీద సంతకం

మొదటి దెబ్బకే సోమయ్య సార్ కళ్లజోడు ఎగిరి టీవీ బల్ల కిందికి పోయింది.

రెండో దెబ్బ జాకీ రాడ్‌తో. ఎడమ మోచేతి మీద పడింది. ఏదో విరిగిన చప్పుడైంది. సార్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. నర్సింగ్ వెళ్లి తలుపు గడియ పెట్టి, తాపీగా మళ్లీ వచ్చాడు. కుడిచేతి జోలికి మాత్రం పోలేదు. దానితో ఇంకా పని ఉంది.

“నా చెల్లె నీకేం అన్యాయం చేసింది సార్?”

నర్సింగ్ శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. తాను పదో తరగతి దాటలేదు. చెల్లెలు నవనీత మాత్రం చదువులో నిప్పు. ఎక్కే ప్రతి సవారీకి చెల్లెలి మార్కులు చెప్పనిదే అతనికి బండి కదలదు. ఆ పిల్ల డిగ్రీ అయ్యాక బెంగళూరులో ఒక పెద్ద కాలేజీలో ఎమ్మెస్సీకి పరీక్ష రాసి గెలిచింది. ఇంటర్వ్యూకి వచ్చేటప్పుడు చదువు చెప్పిన సార్ దగ్గర సిఫారసు ఉత్తరం తెమ్మన్నారు.

సోమయ్య సార్‌ను ఉత్తరం అడగడమంటే మాటలు కాదు. పిల్లల్ని మెచ్చుకోవాలంటే ఆయనకు ప్రాణం మీదికొస్తుంది. నవనీత స్టాఫ్‌రూమ్ చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. చివరికి ఒక రోజు సారే కూర్చుని, తన చేత్తో రాసి, కవరులో పెట్టి అతికించాడు. దారిలో ఎవరూ విప్పలేదనడానికి గుర్తుగా అతుకు మీద సంతకం గీకి చేతిలో పెట్టాడు. అందులో ఏం రాశాడో ఆ పిల్లకు చెప్పనైనా లేదు.

బెంగళూరులో వాళ్లు ఆ కవరును అటూ ఇటూ తిప్పి చూశారు. ఇలా వంకరపోయి చెదిరిన సంతకంతో ఇది మాకు పనికిరాదన్నారు. సోమవారంలోగా సరైన ఉత్తరం తేకపోతే సీటు ఇంకొకరికిస్తామన్నారు. నవనీత ఇంటికొచ్చి మంచమెక్కింది. ముద్ద ముట్టలేదు. అన్న గుండె మండిపోయింది. డిక్కీ తెరిచి రాడ్ తీశాడు.

“దొంగను చూసినట్టు చూసిన్రంట నా చెల్లెను! ఆ సంతకం గట్లెందుకు పెట్టినవ్?”

“ఎప్పుడు పెట్టేదే పెట్టిన బిడ్డా,” సార్ గచ్చు మీది నుంచే అన్నాడు. “నేనిచ్చిననాడు మంచిగనే ఉండె. మరి నడుమల ఎవరన్న...”

మాట పూర్తి కాలేదు. పిడికిలి నోటి మీద పడింది. పన్నొకటి ఊడి రక్తంతో పాటు చొక్కా మీద పడింది.

“నడుమల ఎవరుంటరు? నా చెల్లె దొంగ సంతకం పెట్టిందంటవా? ఏందీ, గదేనా నువ్వనేది?”

ఈసారి రాడ్ మోకాలి మీద దిగింది. సార్ అరిచాడు. అదే సమయానికి విమానమొకటి ఇళ్లమీదుగా దిగుతోంది. ఆ కాలనీలో విమానం పోయేటప్పుడు మనిషి అరుపు ఎవరికీ వినపడదు.

తర్వాత నర్సింగ్ ఆయన్ని చంకల కింద చేతులేసి లేపి, బల్ల ముందు కూర్చోబెట్టాడు. టీవీ బల్ల కింద దూరి కళ్లజోడు వెతికి తెచ్చాడు. ఒక అద్దం పగిలింది. తన చొక్కాతో తుడిచి, ఎంతో జాగ్రత్తగా సార్ ముక్కు మీద పెట్టాడు.

“రాయి సార్. మల్లా రాయి.”

మొదటి కాగితం మీద రక్తపు చుక్క పడింది. నర్సింగ్ దాన్ని చింపేసి ఇంకోటి ఇచ్చాడు. సార్ రాశాడు. ఎడమచెయ్యి ఒళ్లో చచ్చినట్టు పడి ఉంది. ఉత్తరం మడిచి కవరులో పెట్టాడు. నర్సింగ్ పట్టుకుంటే జిగురు రాసి అతికించాడు. అతుకు మీద సంతకం పెట్టాడు, సగం పైరెక్క మీద, సగం కింద. వంకర లేదు, వణుకు లేదు.

“ఇగ సూడు, మంచిగుందా?” అన్నాడు పగిలిన పెదాలతో. “కొట్టకుండ అడిగినా రాస్తుంటి గద నర్సింగ్. అసొంటి పిల్ల నాకు మల్ల దొరకది.”

నర్సింగ్ కవరు జేబులో పెట్టుకున్నాడు. అలవాటు కొద్దీ వంగి సార్ కాళ్లకు దండం పెట్టాడు.

“దవాఖానకు పోన్రి సార్. మెట్ల మీదికెంచి పడ్డనని చెప్పున్రి. వేరే ఏమన్న చెప్తే మల్లొస్త.”

బండెక్కి చెల్లెలికి ఫోన్ చేశాడు.

“సార్ మల్ల రాసిచ్చిండా? నిజంగనా అన్నా?” నవనీత ఏడ్చేసింది. “ఊకెనే ఇచ్చిండా? ఏం అనలేదా?”

“ఏం అంటడు? పెద్దమనిషి. నువ్వు జర అన్నం తిను. పొద్దుమీకి బస్సుకు నేనే ఎక్కిస్త. సీటు నీదే పో.”

ఇంటికి పోయే దారిలో కొండమ్మ టీ బండి దగ్గర ఆగాడు. ఆమె అతని చొక్కా చూసి గతుక్కుమంది.

“రక్తమేంది తమ్మీ?”

“ఏం లేదక్కా. కోడిని కోసిన. టీ పెట్టు.”

గిన్నెలో టీ పొంగుతోంది. నర్సింగ్ చేతులు శుభ్రంగా కడుక్కుని, తుడుచుకుని, జేబులోంచి కవరు తీశాడు. ఇన్ని దెబ్బలు తిన్న మనిషి కడుపులో కోపం పెట్టుకుని లోపల ఏం రాశాడో ఏమో. ఇప్పుడు ఇంకో పొరపాటు జరిగితే చెల్లెలు బతకదు.

పోయినసారి, సార్ తన చెల్లెల్ని ఎంత మెచ్చుకున్నాడో చదువుకుందామని మురిసిపోతూ విప్పినట్టే, ఈ కవరు అతుకును కూడా టీ ఆవిరికి పట్టి, సంతకం చెదరకుండా మెల్లగా విప్పాడు.