తెర ఎత్తిన చెయ్యి

“ఏడు,” అన్నాడు నగరేశ్వరరావు.

బస్సు దిగి వచ్చి పది నిమిషాలు కాలేదు. దోమతెర లోపల తను చంపిన దోమల్ని అరచేతిలో చూపించాడు. ఏడూ నెత్తురు తాగి ఉబ్బి ఉన్నాయి. పక్కన భార్య పార్వతీదేవి భుజం మీద నాలుగు నెలల పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. బుగ్గల మీద, ముంజేతుల మీద ఎర్రటి దద్దుర్లు.

“తెరకి ఒక్క చిరుగు లేదు. యుద్ధం అయిపోయి ఏడాదైనా గజం గుడ్డ దొరకని రోజుల్లో ఎంతమందిని బతిమాలి కుట్టించానో నాకు తెలుసు. దాలమ్మా, దీన్ని ఎవరెత్తుతున్నారు?”

పనిమనిషి దాలమ్మ గుమ్మం అవతలే నిలబడింది. “నాకేటి తెలస్తాది బాబూ. నాను గదిలోకే రాను. గిన్నెలు తోముకుంటాను, ఎలిపోతాను. సముద్రం గాలికి ఎగిరిందేమో సూడండి.”

“గాలికి ఎగిరింది మళ్లీ తనంతట తనే పరుపు కింద దోపుకుంటుందేటి?”

దాలమ్మ గుమ్మం నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

గది బయట, గోడకి ఆనుకుని లక్ష్మణమ్మ కూర్చుంది. నగరేశ్వరరావు మేనత్త. ఆవిడ పన్నెండో ఏటే భర్త పోయాడు. ఈ కళింగపట్నంలో పార్వతీదేవికి తోడుగా ఉండమని ఇంట్లోవాళ్లు పంపారు. విధవ చెయ్యి చంటిపిల్లకి తగలకూడదని మరీ మరీ చెప్పి పంపారు. అందుకని ఆవిడ దూరాన్నుంచే విసనకర్రతో విసురుతూ ఉంటుంది. ఆ గాలి పిల్లదాకా రాదు.

“ఇది మూడోసారి. కొట్టు మూసుకుని, బొగ్గుతో నడిచే బస్సులో ఒళ్లు హూనం చేసుకుని వస్తున్నాను,” అన్నాడు నగరేశ్వరరావు భార్యతో. “పిల్లకి ఉప్పుగాలి పడాలని డాక్టరు చెప్పాడు కాబట్టి ఈ ఇల్లు తీసుకున్నాం. చలిజ్వరం తగిలితే మాత్రం ఈ ప్రాణం ఆగదని కూడా ఆయనే చెప్పాడు. ఇవాళ కొత్త దద్దురు లేవలేదంటే రేపు పొద్దున్న వెళ్లిపోతాను.”

“పొద్దున్నేనా?” అంది పార్వతీదేవి.

“మరి కొట్టెవరు తీస్తారు?”

సాయంత్రం పిల్లను పడుకోబెట్టి, తెర దోపి, పార్వతీదేవి స్నానానికి దొడ్లోకి వెళ్లింది. నగరేశ్వరరావు కాటుక భరిణె తీశాడు. కాటుకలో ఆముదం కలిపాడు. పరుపు కిందికి దోపిన తెర అంచుకు చుట్టూ రాసి, పైకి కనిపించకుండా మళ్లీ దోపేశాడు. తన వేళ్లు శుభ్రంగా తుడుచుకున్నాడు. అందరికీ వినపడేలా, “సముద్రం దాకా వెళ్లొస్తాను,” అని చెప్పి వెళ్లాడు.

దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చాడు. పిల్ల ఏడుపు వీధిలోకే వినిపించింది. తెర దోపినట్టే ఉంది. పిల్ల నుదుటి మీద కొత్త దద్దురు.

“అందరూ వసారాలోకి రండి. దాలమ్మా, చేతులు చూపించు.”

దాలమ్మ చేతులకు బూడిద తప్ప మరేం లేదు.

“అత్తా, నువ్వు?”

లక్ష్మణమ్మ విసనకర్ర కింద పెట్టింది. పది వేళ్లూ నల్లగా ఉన్నాయి. ఇంకొకరి చెయ్యి చూడాల్సిన అవసరం నగరేశ్వరరావుకు కనిపించలేదు.

“నువ్వా?”

ఆవిడ తన వేళ్ల వంక చూసుకుంది. “నేనేరా. ముట్టుకోవాలనిపించింది. పసిపిల్లని ఎత్తుకుని నలభై ఏళ్లయింది.”

“జ్వరం వస్తే దక్కదని విన్నావు కదా? వినే ఎత్తావా?”

లక్ష్మణమ్మ నల్లటి వేళ్లను తెల్లచీర కొంగుకి తుడుచుకుంది.

“రేపు నాతో బస్సెక్కు. శ్రీకాకుళంలో దింపేస్తాను. శ్రీకూర్మం సత్రంలో చోటిస్తే ఉండు. మా గుమ్మం మాత్రం మళ్లీ తొక్కకు.”

“అలాగే నాయనా.”

“ఈ వయసులో సత్రంలోనేటి బాబూ,” అని గొణిగింది దాలమ్మ. అతను చూసిన చూపుకు చీపురు తీసుకుని దొడ్లోకి పోయింది.

లక్ష్మణమ్మకు సర్దుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. రెండు తెల్లచీరలు, ఒక చెంబు. మూట ముడి వేసి దాని పక్కనే కూర్చుంది.

నగరేశ్వరరావు కుర్చీలో వెనక్కి వాలాడు. “ఇంక భయం లేదు పార్వతీ. పగలు దాలమ్మ ఉంటుంది. రాత్రిళ్లు గడియ వేసుకో. ఇక్కడ ఉండాల్సింది ఇంకో రెండు నెలలేగా, ఎంతసేపు?”

పార్వతీదేవి మూట వంక చూసింది. తర్వాత భర్త వంక చూసింది.

“ఆవిడ తెర ఎత్తలేదండీ, దించారు.”

“ఏటి?”

“ప్రతిసారీ ఆవిడే దించి దోపేవారు. ఎత్తేదెవరో ఆవిడకి తెలుసు. మీరు ఇంతగా అడిగినా పేరు చెప్పలేదు.”

నగరేశ్వరరావు లేచి నిలబడ్డాడు. “ఎవరు?”

“బాగున్నామని ఆరు ఉత్తరాలు రాశాను. మీరు రాలేదు. పిల్లని దోమలు కుట్టాయని రాసిన మూడుసార్లూ మర్నాటి బస్సుకే వచ్చారు. ఇవాళ దద్దురు లేవకపోతే రేపు వెళ్లిపోతానన్నారు.”

“ఉత్తరాల సంగతి కాదు. తెర ఎత్తిందెవరు?”

“నేనండీ.”