ఒక్క గంట

నాలుగు తీసేసి అయిదు కొట్టింది వెర్నా. ఎర్రబడబోయిన వరస తెరమీద మళ్లీ పచ్చబడింది. ఈ పూట అలా మార్చడం నాలుగోసారి.

ఇక్కడి లారీ సరిహద్దు దాటి అమెరికాలోకి వెళ్లాలంటే మానిఫెస్టు ముందే కంప్యూటర్లో పంపాలి. ఏ లారీ, ఏ డ్రైవరు, ఏం సరుకు, గేటు దగ్గరికి ఎన్నింటికి. అదీ కనీసం గంట ముందు. పంపకుండా వస్తే వెనక్కి తోలేస్తారు. రాసిన టైముకి రాకపోతే తెరమీద ఆ లారీ వరస ఎర్రబడుతుంది, సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఈ రూలు రాసినవాడు జన్మలో మంచురోడ్డు మీద స్టీరింగు పట్టుకుని ఉండడు. పట్టుకున్నవాళ్లని ఎవడూ అడగలేదు.

వరసలో ఉన్నది ఇదీ: డ్రైవరు ఎమెరీ. సరుకు క్రిస్మస్ చెట్లు, ఆరువందల ఇరవై. దాటేది హోల్టన్ గేటు.

ఎమెరీ వెర్నా మొగుడు.

చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని ఉల్రిక్ లోపలికొచ్చాడు. ముప్ఫయ్యేళ్లుగా ఇదే యార్డులో బండి తోలుతున్నాడు. బయట అతని లారీలో బంగాళదుంపలు ఎక్కించి ఉన్నాయి. తన కాగితం చూసుకుని నవ్వాడు.

"గంటన్నర దారికి నాలుగ్గంటలు రాశావేంటి వెర్నక్కా? దుంపల్ని నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్లమంటావా?"

"నడిచే వెళ్లు. తొందరపడి ఎవర్ని ఉద్ధరించాలి నువ్వు?"

"భలేదానివి. ఇదివరకు గడియారం చేతబట్టుకుని మమ్మల్ని కాల్చుకు తినేదానివి. ఇప్పుడు..."

అతని చూపు తెరమీద పడింది. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కాగితాలు ఫ్యాను గాలికి ఎగురుతుంటే వెర్నా వాటి మీద కప్పు పెట్టింది.

ఫోను మోగింది. గేటు దగ్గరి ఆఫీసరమ్మాయి. మంచిగానే మాట్లాడింది. ఆ ట్రిప్పు ఇంకా తెరిచే ఉందనీ, అయిదులోగా రద్దు చెయ్యకపోతే కంపెనీ మొత్తానికి మానిఫెస్టులు ఆపేస్తామని పైవాళ్లు అంటున్నారనీ, తన చేతుల్లో ఏమీ లేదనీ చెప్పింది. ఆపేస్తే పదకొండు మంది డ్రైవర్లు ఇంట్లో కూర్చోవాలి. వెర్నా ఓపిగ్గా విని, రోడ్డు బాగాలేదు, ఆయన ఆలస్యమవుతుందన్నాడు, టైము నేను మారుస్తూనే ఉన్నాను కదా అంది. తర్వాత ఆ అమ్మాయి, మీ యజమానిని పిలవండమ్మా అంది.

హార్లండ్ వచ్చి రెండు ముక్కలు మాట్లాడి ఫోను పక్కన పెట్టాడు. అతని తండ్రి నాటినుంచీ వెర్నా ఈ కుర్చీలోనే ఉంది. నిక్కరేసుకుని ఈ గదిలో తిరిగినవాణ్ణి ఎత్తుకుంది కూడా. అందుకని అతను ఆమె ముందు ఎప్పుడూ గొంతు పెంచడు.

"రద్దు చేసెయ్ వెర్నా."

"చేస్తే ఎమెరీ గేటు దాకా వచ్చి వెనక్కి తిరగాలి."

"చెట్లు ఇప్పుడెవరిక్కావాలి? బోస్టన్ వాడు ఎప్పుడో వద్దన్నాడు. నీకూ తెలుసు."

"చెట్ల సంగతి నాకెందుకు? మనిషి సంగతి నాది."

హార్లండ్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఉల్రిక్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు, పోనూ పోడు, రానూ రాడు.

ఎమెరీ ఫోన్ చేసినప్పుడు రెండున్నర. నది పక్క రోడ్డు గాజులా ఉంది, మెల్లగా వస్తాను, మూడున్నరని రాశావుగా, దాన్ని నాలుగున్నర చెయ్యి అన్నాడు. అప్పుడు వెర్నాకి రెండు చెవులా రెండు ఫోన్లు. ఇంకో ఇద్దరు లైన్లో. రాసింది రాశాను, నీ ఒక్కడి కోసం కూర్చుని మార్చలేను, టైముకి రా అంది. సరేలే దొరసానీ అని అతను నవ్వి పెట్టేశాడు.

టైము మార్చడానికి అర నిమిషం పట్టదు. నాలుగు నొక్కులు. ఎవరి రూలు, ఎవరి కంప్యూటరు, ఎవరి తొందర? ఆ ఒక్క మాట అన్న నోరు మాత్రం ఆమెది.

గోడ గడియారంలో అయిదుకి రెండు నిమిషాలు. వరస మళ్లీ ఎర్రబడటం మొదలుపెట్టింది.

"నువ్వు చెయ్యక్కర్లేదు, నేను నొక్కుతాను" అన్నాడు హార్లండ్. "కాసేపు బయట కూర్చో. ఉల్రిక్, తీసుకెళ్లు."

ఉల్రిక్ కదల్లేదు.

హార్లండ్ చెయ్యి మౌసు మీదికి వెళ్లింది. రద్దు అన్న మాట మీద బాణం ఆగింది. వెర్నా అతని చేతిమీద తన చెయ్యి వేసింది. లాగలేదు, నొక్కలేదు. ఊరికే వేసింది.

"నాయనా, ఆయన నన్ను అడిగింది ఒక్క గంటే కదా."

హార్లండ్ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. చెయ్యి తీసేసుకున్నాడు. ఫోను ఎత్తి, ఇంకో గంట ఆగండి, మిగతాది రేపు నేనే వచ్చి మాట్లాడతాను అని గేటుకి చెప్పాడు.

వెర్నా కళ్లజోడు సర్దుకుని, అయిదు తీసేసి ఆరు కొట్టింది.

నదిలోంచి ఎమెరీ లారీని క్రేనుతో పైకి తీసి అప్పటికి ఏడు నెలలు.