గుమ్మం దాకా రోడ్డు

అడవి పక్క బీడులో గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టుకుని ఒక తీతువు పిట్ట కాపురముండేది. ఒకనాడు అడవి మునిసిపాలిటీ ఛైర్మన్ నక్క వచ్చింది.

"తీతువమ్మా, నీ బీడును మా పట్టణంలో కలుపుకుంటాం. నీ గుమ్మం దాకా రోడ్డు వేయిస్తాం" అంది.

పుట్టబోయే పిల్లలు ముళ్లు గుచ్చుకోకుండా మడుగు దాకా నడుస్తారు కదా అని తీతువు సంబరంగా తలూపింది.

పట్టణం కొత్త రోలరు కొంది. ఏనుగు లాగుతుంటే పెద్దలంతా దండలు వేసుకుని వెనక నడిచారు. రోలరు తిన్నగా గుడ్లవైపే రావడం చూసి తీతువు గోలపెట్టింది.

"శుభమా అని రోలరు తెస్తే ఈ అపశకునపు అరుపేమిటి!" అని ఎలుగుబంటి విసుక్కుంది.

అప్పుడు తీతువు, శత్రువును గుడ్ల నుంచి తనవైపు మళ్లించేందుకు తల్లి నేర్పిన ఉపాయం పన్నింది. రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, గుడ్లకు దూరంగా కుంటుతూ పోయింది. వేరే రోజైతే నక్క వెంటపడేదే. ఆ రోజు దాని మెడలో దండ ఉంది.

"చూశారా, సంతోషం పట్టలేక చిందులేస్తోంది!" అని నక్క చప్పట్లు కొట్టింది.

రోలరు పక్కకు తిరగలేదు.

సాయంత్రం నక్క ఆగి పలకరించింది. "ఇంకా ఏడుస్తావేం తల్లీ? గుమ్మం దాకా రోడ్డు వచ్చిందిగా!"

"వచ్చింది బాబూ" అంది తీతువు. "గుమ్మం దగ్గర ఆగలేదు."